మొరాయించిన వీడియో గేమ్.. మూలం తెలిస్తే మరమ్మతు సులువే

వేసవి సెలవులు వచ్చాయంటే అటకల మీది పాత వీడియో గేములు కిందికి దిగుతాయి. టీవీకి తగిలించి మీట నొక్కితే కొన్ని పలుకుతాయి, కొన్ని మొరాయిస్తాయి. పలకని పెట్టెను సంచిలో వేసుకుని పట్నంలోని దుకాణానికి వెళ్లడం, 'బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి' అన్న మాట విని తిరిగి రావడం ఎన్నో కుటుంబాలకు అనుభవమే. నిజానికి ఇటువంటి సందర్భాల్లో లోపం చాలావరకు బోర్డు వెలుపలే ఉంటుంది. అడాప్టర్, వైర్లు, క్యాసెట్ పళ్లు, జాయ్‌స్టిక్ రబ్బరు.. ఈ నాలుగింటిని వరుసగా పరీక్షిస్తే సగానికి సగం చిక్కులు ఇంట్లోనే విడిపోతాయి. అయితే ఎక్కడ చేయి పెట్టవచ్చునో, ఎక్కడ పెట్టరాదో తెలియకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఈ రెండు విషయాలనూ వివరించడమే ఈ కథనం ఉద్దేశం.

పెట్టెలో ఏముంది?

మన ఊళ్లలో 'టీవీ గేమ్' అని పిలిచే క్యాసెట్ రకం పెట్టెలకు మూలం జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1983 జులై 15న విడుదల చేసిన 'ఫ్యామిలీ కంప్యూటర్'. దీన్నే క్లుప్తంగా ఫ్యామికామ్ అంటారు. 1985లో ఇదే యంత్రం వేరే రూపంలో, ఎన్ఈఎస్ పేరుతో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. రెండూ కలిపి 6 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. వీటిని అనుకరించి తయారు చేసిన పెట్టెలే మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో మన దేశంలో ఇంటింటికీ చేరాయి. మారియో, కాంట్రా ఆటలు ఒక తరానికి పరిచయమైంది వీటి ద్వారానే.

అసలు ఫ్యామికామ్‌లో లెక్కలు చేసే చిప్ ఒకటి, తెరపై బొమ్మ గీసే చిప్ ఒకటి వేర్వేరుగా ఉంటాయి. పని చేసేందుకు 2 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, బొమ్మల కోసం మరో 2 కిలోబైట్లు ఉంటాయి. తరువాత వచ్చిన అనుకరణ పెట్టెల్లో ఇవన్నీ ఒకే చిప్‌లోకి చేరాయి. బోర్డు మధ్యలో నల్లని లక్క ముద్దలా కనిపించేది అదే. దానికి మరమ్మతు లేదు. దాని చుట్టూ ఉన్న మిగిలిన భాగాలన్నింటికీ ఉంది. అందుకే ముందు చుట్టూ చూడాలి, చివరికే మధ్యకు రావాలి.

విప్పే ముందు నియమాలు

మొదటి నియమం: వెలుపలి నుంచి లోపలికి. గోడ ప్లగ్గు, అడాప్టర్, టీవీ వైరు, క్యాసెట్, జాయ్‌స్టిక్, ఆ తరువాతే బోర్డు.

రెండో నియమం: ఒకసారికి ఒక్క మార్పే. అడాప్టర్, క్యాసెట్ రెండూ ఒకేసారి మారిస్తే పెట్టె పలికినా లోపం దేనిదో తేలదు.

మూడో నియమం: గోడకు తగిలించే అడాప్టర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పరాదు. దాని లోపలికి 230 వోల్టుల విద్యుత్తు నేరుగా వస్తుంది. అడాప్టర్ దాటి పెట్టెలోకి వచ్చేది 9 వోల్టులే కనుక అక్కడ షాక్ భయం లేదు. పాత రకం పెద్ద టీవీ వెనుక మూత విషయమూ అంతే. పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిల్వ ఉంటాయి. స్విచ్ ఆపిన తరువాత కూడా ప్రమాదం తొలగిపోదు.

నాలుగో నియమం: క్యాసెట్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు విద్యుత్తు ఆపి ఉండాలి.

పరికరాల ఖర్చు ఎక్కువేమీ కాదు. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, సాధారణ డిజిటల్ మల్టీమీటర్, దూది పుల్లలు, పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరు, ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో లభించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా ఉంటే చాలు. ఈ ద్రవం తేలికగా మండుతుంది. పొయ్యి, అగరుబత్తి దరిదాపుల్లో వాడరాదు.

లైటు వెలగకపోతే..

పెట్టె మీద ఎర్ర లైటు వెలగలేదంటే మొదట అనుమానించవలసింది అడాప్టర్‌నే. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ స్థానంలో ఉంచి, అడాప్టర్ వైరు చివరి పిన్ను లోపలి భాగానికి ఒక కొన, వెలుపలి భాగానికి మరో కొన తాకించాలి. బరువుగా ఉండే పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ అయితే పెట్టెకు తగిలించనప్పుడు 12, 13 వోల్టుల వరకు చూపడం సహజం. దాన్ని లోపంగా భావించరాదు. పెట్టెకు తగిలించి పని మొదలయ్యాక అది 9కి చేరువవుతుంది. మీటర్ సున్నా చూపితే వైరు తెగి ఉండాలి, లేదా అడాప్టర్ కాలి ఉండాలి. వైరును పిన్ను దగ్గర, అడాప్టర్ మొదట్లో మెల్లగా వంచుతూ చూడాలి. అంకె వచ్చిపోతూ ఉంటే తెగినది అక్కడేనని అర్థం.

బరువైన అడాప్టర్ కాలిందో లేదో తెలుసుకునేందుకు మరో మార్గం ఉంది. గోడ నుంచి ఊడదీసిన తరువాత, దాని రెండు ఇత్తడి పిన్నుల మధ్య ఓమ్‌ల స్థానంలో కొలవాలి. వందల్లోనో వేలల్లోనో అంకె వస్తే లోపలి చుట్ట బాగున్నట్లు. ఏమీ చూపకపోతే చుట్ట కాని, దానిలోని వేడి ఫ్యూజు కాని పోయినట్లు. అప్పుడు కొత్త అడాప్టర్ కొనడమే మార్గం. తేలికగా ఉండే కొత్త రకం అడాప్టర్లకు ఈ పరీక్ష వర్తించదు.

కొనేటప్పుడే అసలు జాగ్రత్త అవసరం. అడాప్టర్ మీద, పెట్టె వెనుక ఒక గుర్తు ఉంటుంది. మధ్యలో చుక్క, చుట్టూ అర్ధవలయం, అటూ ఇటూ ప్లస్, మైనస్ గుర్తులు. పిన్ను లోపలి భాగం ప్లస్సా, మైనస్సా అన్నది ఆ బొమ్మ చెబుతుంది. అసలు ఫ్యామికామ్ అడాప్టర్‌కు లోపలి భాగం మైనస్. ఇంట్లో ఇతర వస్తువులకు వాడే అడాప్టర్లలో చాలావరకు లోపలి భాగం ప్లస్. సరిపోయింది కదా అని ఏదో ఒకటి తగిలిస్తే విద్యుత్తు తలకిందులుగా ప్రవహించి లోపలి రెగ్యులేటర్ కాలిపోతుంది. నికార్సైన పెట్టె పాడయ్యేది చాలాసార్లు ఇలాగే. అలాగే కొన్ని కొత్త పెట్టెలు 5 వోల్టులతోనే పనిచేస్తాయి. వాటికి 9 వోల్టులు ఇస్తే చిప్ కాలుతుంది. పెట్టె వెనుక ముద్రించిన అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి.

పగలు పలికి.. సాయంత్రం మొరాయిస్తే?

గ్రామాల్లో తరచూ వినిపించే ఫిర్యాదు ఇది. ఉదయం చక్కగా నడిచిన ఆట సాయంత్రం దీపాల వేళకు వణుకుతుంది, మధ్యలో ఆగి మళ్లీ మొదటికి వస్తుంది. దుకాణంలో చూపిస్తే అక్కడ బాగానే నడుస్తుంది. ఇక్కడ దోషం పెట్టెది కాదు, లో వోల్టేజీది.

పెట్టె లోపలి చిప్‌లు 5 వోల్టులతో పనిచేస్తాయి. అడాప్టర్ పంపే 9 వోల్టులను 5కు తగ్గించి నిలకడగా అందించేది 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్. అది సక్రమంగా పనిచేయాలంటే దానికి కనీసం 7 వోల్టులు అందాలి. బరువైన అడాప్టర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ గోడ నుంచి ఎంత వస్తే ఆ నిష్పత్తిలోనే దించి పంపుతుంది. 230 వోల్టులు ఉన్నప్పుడు 9 ఇచ్చేది, ఊళ్లో వోల్టేజీ 170కి పడిపోతే దాదాపు 6.6 మాత్రమే ఇస్తుంది. రెగ్యులేటర్‌కు అది చాలదు. ఫలితంగా చిప్ తడబడుతుంది.

దీనికి పరిష్కారం మరమ్మతు కాదు. 100 నుంచి 240 వోల్టుల వరకు ఎంత వచ్చినా ఒకే వోల్టేజీ ఇచ్చే తేలికపాటి అడాప్టర్లు మార్కెట్లో ఉన్నాయి. 9 వోల్టులు, 1 ఆంపియర్ అని రాసి ఉండి, పిన్ను గుర్తు పెట్టెతో సరిపోలేది తీసుకుంటే సరిపోతుంది. టీవీకి స్టెబిలైజర్ ఉన్న ఇళ్లలో అడాప్టర్‌ను కూడా దానికే తగిలించవచ్చు. ఉరుములు, మెరుపుల వేళ మాత్రం అడాప్టర్‌తో పాటు టీవీ కేబుల్‌ను కూడా ఊడదీసి ఉంచాలి. పిడుగు ప్రభావం కేబుల్ గుండా కూడా టీవీని, దాని నుంచి వీడియో గేమ్‌ను చేరుతుంది.

లైటు ఉంది.. బొమ్మ లేదు

ఇక్కడ టీవీ చెప్పే మాటను జాగ్రత్తగా గమనించాలి. తెరపై 'నో సిగ్నల్' అన్న అక్షరాలు పోవడం లేదంటే పెట్టె నుంచి టీవీకి ఏమీ చేరడం లేదని అర్థం. ఆ అక్షరాలు పోయి, తెర మొత్తం నల్లగానో, బూడిద రంగులోనో, మరో ఒకే రంగులోనో నిలిచిపోతే పెట్టె సంకేతం పంపుతోందని, క్యాసెట్ మాత్రమే చదవడం లేదని అర్థం. మొదటి దానికి వైరు చూడాలి, రెండో దానికి క్యాసెట్ చూడాలి. ఈ ఒక్క తేడా గుర్తిస్తే సగం శ్రమ తప్పుతుంది.

పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల వైరులో పసుపు బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. పాత పెట్టెలకు పసుపు, తెలుపు రెండే ఉంటాయి. వాటిని టీవీలో అదే రంగు రంధ్రాల్లో పెట్టి, రిమోట్‌తో ఏవీ ఇన్‌పుట్ ఎంచుకోవాలి. అదే ఇన్‌పుట్‌కు డీవీడీ ప్లేయర్ తగిలిస్తే బొమ్మ వస్తోందా? వస్తే టీవీ బాగున్నట్లు. డీవీడీ వైరును గేమ్‌కు తగిలిస్తే బొమ్మ వస్తోందా? వస్తే పాత వైరే తెగినట్లు.

కొన్ని కొత్త టీవీల్లో పసుపు రంధ్రం విడిగా ఉండదు. ఆకుపచ్చ రంధ్రాన్నే రెండింటికీ వాడతారు. అక్కడ సెట్టింగు తప్పితే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది. రంగు విధానం ఎన్టీఎస్సీ, పాల్ అన్న రెండింటిలో తప్పుగా ఎంచుకున్నా రంగులు పోతాయి. టీవీ మెనూలో రంగు విధానాన్ని 'ఆటో'కు మార్చి చూడాలి. హెచ్‌డీఎంఐ రంధ్రాలు మాత్రమే ఉన్న టీవీకి ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టె కావాలి. దానికి కూడా విడిగా యూఎస్‌బీ విద్యుత్తు ఇవ్వాలన్నది చాలామంది మరిచిపోయే విషయం.

యాంటెనా రంధ్రానికి తగిలించే పాత పెట్టెలకు చానెల్ వెతకాలి. పెట్టెలో క్యాసెట్ ఉంచి, విద్యుత్తు ఇచ్చిన తరువాతే టీవీలో అనలాగ్ చానెళ్ల అన్వేషణ మొదలుపెట్టాలి. పెట్టె ఆపి ఉంచి ఎంత వెతికినా దొరకదు.

తెర గజిబిజి.. క్యాసెట్ పళ్లే కారణం

ఫ్యామికామ్ రకం క్యాసెట్ కింది అంచున ఒక్కో వైపు 30 చొప్పున మొత్తం 60 రాగి పళ్లు ఉంటాయి. ఎన్ఈఎస్ క్యాసెట్‌కు 72 ఉంటాయి. అందువల్ల ఒకదాని క్యాసెట్ మరోదానిలో నేరుగా పట్టదు. చాలా క్యాసెట్లలో ఆట నడిపే ప్రోగ్రాం ఒక చిప్‌లో, బొమ్మల సమాచారం మరో చిప్‌లో ఉంటాయి. ప్రోగ్రాం వైపు పన్ను ఆనకపోతే ఆట అసలు మొదలుకాదు, తెర ఒకే రంగులో నిలిచిపోతుంది. బొమ్మల వైపు పన్ను ఆనకపోతే ఆట నడుస్తుంది, సంగీతం వినిపిస్తుంది, తెరపై మాత్రం అక్షరాలు, గళ్లు కలగాపులగంగా కనిపిస్తాయి. ఏది జరిగినా మొదటి చికిత్స ఒక్కటే, శుభ్రపరచడం.

దూదిపుల్లను ఆల్కహాల్‌లో ముంచి, పిండి, పళ్లను పై నుంచి కిందికి రెండు వైపులా తుడవాలి. దూది నల్లగా మారుతుంటే కొత్త పుల్ల తీసుకోవాలి. నలుపు దిగడం ఆగేవరకు ఈ పని కొనసాగించాలి. మొండి మచ్చలకు తెల్ల రబ్బరుతో మృదువుగా రుద్ది, ఆ పొడిని మళ్లీ ఆల్కహాల్‌తో తుడవాలి. గరుకు కాగితంతో గీకితే పైపూత పోయి మరింత త్వరగా తుప్పు పడుతుంది. కిరోసిన్, పెట్రోలు, కొబ్బరినూనె వాడరాదు. తుడిచాక పది నిమిషాలు ఆరనివ్వాలి.

నోటితో ఊదడం ఇంటింటా ఉన్న అలవాటే. ఊదిన తరువాత ఆట పలికిందంటే అందుకు కారణం ఊపిరి కాదు, క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టినప్పుడు పళ్లు కొత్త చోట ఆనడం. ఊపిరిలోని తేమ మాత్రం పళ్ల మీద నిలిచి తుప్పుకు దారితీస్తుంది. ఊదవద్దని తయారీ సంస్థే వినియోగదారులకు సూచించింది.

కనీసం రెండు క్యాసెట్లతో పరీక్షించనిదే నిర్ణయానికి రారాదు. ఒకటి పలికి మరొకటి పలకకపోతే లోపం క్యాసెట్‌ది. రెండూ పలకకపోతే పెట్టెలోని రంధ్రాన్ని చూడాలి. మందపాటి అట్టముక్కకు పలుచని నూలు గుడ్డ చుట్టి, ఆల్కహాల్‌తో తడిపి రంధ్రంలో పైకీ కిందికీ పదిసార్లు ఆడిస్తే లోపలి పిన్నులు శుభ్రపడతాయి.

'9999999 ఆటలు' అని రాసి ఉన్న క్యాసెట్‌లో కొద్ది ఆటలే తిరిగి తిరిగి వస్తున్నాయని ఫిర్యాదు చేసేవారూ ఉన్నారు. అది లోపం కాదు. ఉన్న ఆటలనే వేర్వేరు పేర్లతో, వేర్వేరు దశలతో పట్టికలో మళ్లీ మళ్లీ చూపడం వాటి తీరు.

శబ్దం రాకపోతే..

తెల్ల పిన్ను సరిగా ఉండి, టీవీ బాగుండి కూడా శబ్దం రాకపోతే క్యాసెట్ పళ్లను మరోసారి చూడాలి. వినడానికి వింతగా ఉన్నా దీనికి కారణం ఉంది. అసలు ఫ్యామికామ్ నమూనాలో పెట్టె పుట్టించే శబ్దం నేరుగా టీవీకి వెళ్లదు. క్యాసెట్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి తిరిగి వచ్చి టీవీకి చేరుతుంది. క్యాసెట్ తన సొంత శబ్దాన్ని కలిపేందుకు వీలుగా ఈ ఏర్పాటు చేశారు. ఈ దారిలోని రెండు పళ్లలో ఏది ఆనకపోయినా ఆట నడుస్తుంది కాని మూగబోతుంది.

జాయ్‌స్టిక్ మాట వినకపోతే..

రెండు జాయ్‌స్టిక్‌లను ఊడదీసే వీలుంటే ఒకదాని చోట మరొకటి పెట్టి చూడాలి. లోపం జాయ్‌స్టిక్‌తో పాటు కదిలితే అది జాయ్‌స్టిక్‌దే, అక్కడే నిలిచిపోతే పెట్టెలోని రంధ్రానిది.

ఒక్క మీట మాత్రమే పనిచేయకపోతే వెనుక స్క్రూలు తీసి, రబ్బరు తొడుగును పైకెత్తాలి. ఆ రబ్బరు అడుగున నల్లని కార్బన్ బిళ్లలు, వాటికి ఎదురుగా బోర్డుపై గీతలు ఉంటాయి. చెమట, దుమ్ము చేరి వీటి మధ్య ప్రవాహం ఆగుతుంది. బోర్డు గీతలను ఆల్కహాల్‌తో, రబ్బరు బిళ్లలను పొడి దూదితో తుడవాలి. బిళ్లలను గట్టిగా రుద్దితే కార్బన్ పూత పోతుంది. ఎవరూ నొక్కకుండానే బొమ్మ ఒకే వైపు పరుగెడుతుంటే అక్కడ తేమ కాని, పానీయం జిగట కాని చేరినట్లు.

మీటలన్నీ ఒకేసారి మూగబోతే వైరు తెగినట్లే. ఫ్యామికామ్ రకంలో ఎనిమిది మీటల సమాచారం ఐదే వైర్ల గుండా వెళ్తుంది. విద్యుత్తుకు రెండు, 'చదువు' అన్న ఆదేశానికి ఒకటి, వరుసగా లెక్కించేందుకు ఒకటి, సమాధానానికి ఒకటి. మీటలు ఒక్కొక్కటిగా వరుసలో నిలబడి ఒకే వైరు గుండా సమాధానం చెబుతాయి. అందుకే ఐదింటిలో ఒకటి తెగినా అన్నీ ఆగుతాయి. మల్టీమీటర్‌ను బీప్ స్థానంలో ఉంచి, వైరు రెండు చివరలా ఒక్కో రంగును పరీక్షించాలి. తెగేది ఎక్కువగా జాయ్‌స్టిక్‌లోకి వైరు ప్రవేశించే చోటే. అక్కడ రెండంగుళాలు కత్తిరించి, అదే రంగుల వరుసలో మళ్లీ సాల్డరింగ్ చేస్తే సరిపోతుంది.

ఇక తుపాకీ విషయం. పలుచని కొత్త టీవీ ముందు తుపాకీ ఆట పనిచేయకపోవడం లోపం కాదు. పిక్చర్ ట్యూబు తెరపై కాంతి పుట్టే క్షణాన్ని లెక్కపెట్టుకుని ఆ తుపాకీ గురి తేలుస్తుంది. కొత్త టీవీలు బొమ్మను చూపడంలో జరిగే స్వల్ప ఆలస్యం ఆ లెక్కను తప్పిస్తుంది. పాత టీవీకి తగిలిస్తే అదే తుపాకీ పనిచేస్తుంది. దీనికోసం దుకాణంలో డబ్బు చెల్లించనవసరం లేదు.

పెట్టె విప్పాక చూడవలసినవి

పై పరీక్షలన్నీ ముగిశాకే పెట్టె విప్పాలి. అల్యూమినియం రేకుకు బిగించి ఉన్న మూడు కాళ్ల భాగమే 7805. అక్షరాలున్న ముఖం మన వైపు, కాళ్లు కిందికి ఉంచి చూస్తే ఎడమ కాలు లోనికి వచ్చే విద్యుత్తుకు, మధ్య కాలు భూమికి, కుడి కాలు బయటికి వెళ్లే 5 వోల్టులకు. మీటర్ నల్ల కొనను మధ్య కాలికి తాకించి మిగిలిన రెండింటినీ కొలవాలి. ఎడమ 7 దాటి, కుడి 4.8, 5.2 మధ్య ఉంటే విద్యుత్తు భాగం సక్రమంగా ఉన్నట్లు. ఎడమ కాలికి విద్యుత్తు వచ్చి కుడి కాలికి రాకపోతే తొందరపడి రెగ్యులేటర్ మార్చరాదు. అడాప్టర్ ఊడదీసి కుడి, మధ్య కాళ్ల మధ్య ఓమ్‌లు కొలవాలి. అంకె సున్నాకు చేరువగా ఉంటే బోర్డులో ఎక్కడో షార్ట్ ఉన్నట్లు. అటువంటప్పుడు తనను తాను కాపాడుకునేందుకు రెగ్యులేటర్ విద్యుత్తు ఆపుతుంది, అది దాని దోషం కాదు. షార్ట్ లేకపోతే రెగ్యులేటర్ మార్చవచ్చు. కొత్తదాని ఖరీదు పదుల రూపాయల్లోనే ఉంటుంది.

తెరపై అడ్డంగా నీడ పట్టీలు మెల్లగా పైకో కిందికో జరుగుతూ, శబ్దంలో గుయ్ మనే మోత వినిపిస్తే విద్యుత్తును వడపోసే కెపాసిటర్ ఎండిపోయినట్లు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, టీవీ బొమ్మ కూడా సెకనుకు 50 సార్లు గీస్తుంది. అడాప్టర్‌లోని డయోడ్లన్నీ బాగుండి కెపాసిటర్ ఒక్కటే బలహీనపడితే పట్టీలు రెండు కనిపిస్తాయి. డయోడ్లలో ఒకటి పోతే పట్టీ ఒక్కటే కనిపిస్తుంది. కెపాసిటర్ మార్చేటప్పుడు మైక్రోఫారడ్ల అంకె అదే ఉండాలి, వోల్టుల అంకె అంతే గాని అంతకంటే ఎక్కువ గాని ఉండాలి. పక్కనున్న తెల్ల చార మైనస్ వైపును తెలుపుతుంది. తలకిందులుగా పెడితే పేలుతుంది.

క్యాసెట్ రంధ్రం అడుగున ఉన్న 60 సాల్డర్ చుక్కలను భూతద్దంతో చూడాలి. ఏళ్ల తరబడి క్యాసెట్ నొక్కి పెట్టడం వల్ల చుక్క చుట్టూ సన్నని వలయంలా పగులు ఏర్పడుతుంది. 25 వాట్ల ఐరన్‌తో దాన్ని మళ్లీ కరిగిస్తే అతుక్కుంటుంది. ఇంతవరకు అన్నీ సరిచేసినా తెర ఒకే రంగులో నిలిచి ఉంటే లోపం నల్ల ముద్దలోదే. అక్కడితో ప్రయత్నం విరమించుకోవాలి.

డిస్కు రకం పెట్టెలు

డిస్కుతో నడిచే వాటిలో ఎక్కువ ఇళ్లకు చేరింది సోనీ ప్లేస్టేషన్ 2. ఇది 2000 మార్చి 4న జపాన్‌లో విడుదలైంది. ప్రపంచవ్యాప్తంగా 15.5 కోట్లకు పైగా అమ్ముడై, 2013 నాటికి తయారీ నిలిచిపోయింది. దీనికి సంబంధించిన ప్రధాన ఫిర్యాదు 'డిస్కు చదవడం లేదు' అన్నదే. ముందు డిస్కును మధ్య నుంచి అంచు వైపు నిలువుగా మెత్తని గుడ్డతో తుడవాలి, గుండ్రంగా తుడవరాదు. తరువాత రెండు రకాల డిస్కులతో పరీక్షించాలి. అడుగు భాగం నీలంగా ఉన్నవి సీడీ ఆటలు, వెండి రంగువి డీవీడీ ఆటలు. ఈ రెండింటినీ వేర్వేరు తరంగదైర్ఘ్యాల లేజర్లతో చదువుతుంది. ఒక రకం నడిచి మరో రకం నడవకపోతే లేజర్ భాగం బలహీనపడినట్లు. ఏదీ నడవకపోతే కటకంపై దుమ్మును అనుమానించాలి. విద్యుత్తు తీసివేసి, దూదిపుల్లకు ఒక చుక్క ఆల్కహాల్‌తో కటకాన్ని తేలికగా తాకి తుడవవచ్చు. పనిచేస్తున్న లేజర్ వైపు కన్ను పెట్టి చూడరాదు.

లావుపాటి పాత నమూనాలో 230 వోల్టుల విద్యుత్తు నేరుగా పెట్టెలోకే వస్తుంది. ఊడదీసిన తరువాత కూడా కెపాసిటర్‌లో నిల్వ ఉంటుంది. కాబట్టి దాన్ని విప్పడం నిపుణులకే వదలాలి. తేదీ, సమయం మాటిమాటికీ మారిపోతుంటే మాత్రం భయపడనక్కర లేదు. లోపలి సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందంతే.

వేడి చేసే చేటు ఎంతటిదో తెలియజేసే ఉదాహరణ మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360. 2005లో వచ్చిన ఈ పెట్టెల్లో మూడు ఎర్ర లైట్లు వెలిగి ఆగిపోయే లోపం విస్తృతంగా కనిపించడంతో ఆ సంస్థ 2007 జులైలో దానికి వారంటీని మూడేళ్లకు పొడిగించింది. ఇందుకు 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చును లెక్క చూపింది. మాటిమాటికీ వేడెక్కి చల్లారడంతో లోపలి అతుకులు తెగడమే దీనికి మూలం. ఆ రోజుల్లో తువ్వాలు చుట్టి వేడెక్కిస్తే బాగవుతుందన్న చిట్కా ప్రచారంలోకి వచ్చింది. అది తాత్కాలికంగా పలికించినా మిగిలిన భాగాలను దెబ్బతీస్తుంది, నిప్పు ప్రమాదమూ ఉంది. ఏ పెట్టెనైనా చుట్టూ నాలుగు అంగుళాల ఖాళీ ఉండేలా గట్టి బల్ల మీద పెట్టాలి. పరుపు, దుప్పటి మీద పెట్టరాదు.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు

పెట్టె ఒక్కటే కాక అడాప్టర్, వైరు, క్యాసెట్, జాయ్‌స్టిక్ అన్నీ తీసుకువెళ్లాలి. లోపం ఎప్పుడు వస్తుందో, ఏ పరీక్షలు చేశారో చెప్పాలి. మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇవ్వమని అడగాలి. 'బోర్డు పోయింది' అంటే రెగ్యులేటర్ కుడి కాలి వద్ద ఎన్ని వోల్టులు వస్తున్నాయో కొలిచి చూపమని కోరడంలో తప్పులేదు. కొలిచి చూపగలిగిన మెకానిక్ మాట నమ్మవచ్చు. మరమ్మతు ఖర్చు కొత్త పెట్టె ధరలో సగం దాటితే, ఇష్టమైన పాత క్యాసెట్లు ఉంటే తప్ప, మరమ్మతు దండగే.

కొత్తది కొనేవారు బీఐఎస్ నమోదు గుర్తు చూడాలి. 2012లో కేంద్రం జారీ చేసిన తప్పనిసరి నమోదు ఉత్తర్వు తొలి జాబితాలోనే ఎలక్ట్రానిక్ వీడియో గేములు ఉన్నాయి, పవర్ అడాప్టర్లు ఆ తరువాత చేరాయి. 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య లేని అడాప్టర్‌ను పిల్లల చేతికి ఇవ్వడం క్షేమం కాదు. పూర్తిగా పాడైన పెట్టెను చెత్తకుప్పలో వేయరాదు, కాల్చరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలో వీడియో గేములు కూడా ఉన్నాయి. అధీకృత సేకరణదారులకే అప్పగించాలి.

ఒక్క చూపులో..

* లైటు లేదు: అడాప్టర్, వైరు, పిన్ను గుర్తు.
* సాయంత్రమే మొరాయింపు: లో వోల్టేజీ.
* 'నో సిగ్నల్' పోవడం లేదు: ఏవీ వైరు, టీవీ ఇన్‌పుట్.
* తెర ఒకే రంగు, లేదా గజిబిజి: క్యాసెట్ పళ్లు, రంధ్రం.
* బొమ్మ ఉంది, శబ్దం లేదు: తెల్ల పిన్ను, ఆపై క్యాసెట్ పళ్లు.
* నలుపు తెలుపు బొమ్మ: టీవీ రంగు విధానం.
* ఒక మీట పనిచేయదు: కార్బన్ బిళ్ల. అన్నీ పనిచేయవు: వైరు.
* జరిగే నీడ పట్టీలు: కెపాసిటర్ లేదా డయోడు.
* కాలిన వాసన, పొగ: వెంటనే గోడ స్విచ్ ఆపాలి. మళ్లీ వేసి చూడరాదు.